దేశ నాయకుడిలో ఏం చూడాలి? ఓటర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఎవరికి ఓటేయాలో ఇక్కడ చెప్పడం లేదు. ఏ దేశమైనా, ఏ పార్టీ అయినా, అభ్యర్థిని తూచి చూసుకోవడానికి పనికొచ్చే ప్రశ్నలు, వాటికి నాకు తోచిన జవాబులు మాత్రమే రాశాను. కొన్నిటికి జవాబు పొడుగ్గా ఉంటుంది, కొన్నిటికి రెండు ముక్కల్లో అయిపోతుంది. అంతటా "ఆయన" అని రాశాను కానీ "ఆమె" అని కూడా చదువుకోవాలి. శ్రీలంకలో సిరిమావో బండారనాయకే ప్రధాని అయింది 1960లో. ఆడవాళ్లు దేశాన్ని నడపగలరా అన్న ప్రశ్నకు అప్పుడే కాలం చెల్లింది, అందుకే దాన్ని ఈ ప్రశ్నల్లో చేర్చలేదు.

ఒక్క లక్షణమే చూడమంటే ఏది చూడాలి?

చెడ్డ వార్త ఆయన దాకా చేరుతుందా లేదా అన్నది.

నిజాయితీ, తెలివి, ధైర్యం, దూరదృష్టి అని వ్యాసాల్లో రాసే జాబితా మనందరికీ నోటికొచ్చు. అందులో తప్పేం లేదు. కాకపోతే పోస్టర్ల మీద అందరికీ అవే గుణాలుంటాయి, కాబట్టి ఇద్దరిలో ఒకరిని ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు అవి అక్కరకు రావు. దేశాన్ని నడిపే మనిషి పొద్దున లేచిన దగ్గర్నుంచి చేసే పని నిర్ణయాలు తీసుకోవడం. సులువైనవన్నీ కింద అధికారుల దగ్గరే తేలిపోతాయి. ఎటు తేల్చినా ఎవరో ఒకరికి దెబ్బ తగిలేవే ఆయన బల్ల మీదికి వస్తాయి. అలాంటివి తేల్చాలంటే కింద ఏం జరుగుతోందో ఉన్నదున్నట్టు తెలియాలి. తెలియకపోతే ఎంత మేధావి అయినా కళ్లకు గంతలు కట్టుకుని నడిచినట్టే.

1958లో చైనాలో మావో "గ్రేట్ లీప్ ఫార్వర్డ్" అని, ఉత్పత్తిని ఒక్కసారిగా పెంచేసే ఉద్యమం మొదలుపెట్టారు. దిగుబడి ఎంత ఎక్కువ చూపిస్తే అంత మెప్పు కాబట్టి కింది అధికారులు ఒకరిని మించి ఒకరు లెక్కలు పెంచి రాశారు. కాగితం మీదున్న ధాన్యాన్ని బట్టి ప్రభుత్వం తన వాటా తీసుకెళ్లింది. పండించినవాళ్లకు తినడానికి మిగల్లేదు. 1959లో లూషాన్‌లో జరిగిన పార్టీ సమావేశాల్లో రక్షణ మంత్రి పెంగ్ దెహ్వాయ్ ఈ సంగతులు ఉత్తరంగా రాసి మావోకు ఇచ్చారు. ఆయన పదవి ఊడింది. ఒక సీనియర్ మంత్రికే ఆ గతి పట్టాక ఇంకెవరు నోరు విప్పుతారు? కరవు 1961 దాకా సాగింది. చనిపోయినవాళ్ల సంఖ్య చాలామంది చరిత్రకారుల అంచనాల్లో కోటి దాటుతుంది.

మావో ఓట్లతో వచ్చినవాడు కాదు కదా అనొచ్చు. నిజమే. ఓట్లతో వచ్చినవాళ్ల చుట్టూ కూడా ఇలాంటి గోడే లేస్తుంది, కాస్త నెమ్మదిగా లేస్తుంది, అంతే తేడా.

అది బయటి నుంచి మనకెలా తెలుస్తుంది? మనం ఆయన ఆఫీసులో కూర్చోం కదా?

ముందు మా ఆఫీసు సంగతి ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కింద నేను పనిచేసిన చోట ఒక బాస్ ఉండేవాడు. మనిషి చెడ్డవాడేం కాదు. నెలాఖరు రిపోర్టులో అంకెలు తగ్గితే మాత్రం "ముందు పాజిటివ్‌గా ఏముందో చెప్పవయ్యా" అనేవాడు. మూడు నెలలు తిరిగేసరికి మాకు కిటుకు తెలిసిపోయింది. పెరిగిన అంకెలు మొదటి పేజీలో, తగ్గినవి ఎనిమిదో పేజీలో చిన్న అక్షరాల్లో పెట్టేవాళ్లం. ఒక్కరం కూడా అబద్ధం రాయలేదు. ఆయన ఎనిమిదో పేజీ దాకా ఒక్కసారి కూడా రాలేదు. పెద్ద కస్టమర్ ఒకరు మమ్మల్ని వదిలేసి వెళ్లిపోయిన రోజు అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది ఆయనే.

నాయకుడి విషయంలో ఆ ఎనిమిదో పేజీ బయటివాళ్లకు కూడా కొంత కనిపిస్తుంది. ఆయన్ని వదిలి వెళ్లిపోయినవాళ్లను చూడండి. రాజకీయాల్లో రాకపోకలు మామూలే కానీ, వెళ్లిపోయిన ప్రతి ఒక్కరూ ఆయన దృష్టిలో ద్రోహి అయిపోతుంటే అనుమానించాలి. పదేళ్లుగా పక్కనే ఉండి, ఏదో ఒక విషయంలో బహిరంగంగా విభేదించి, ఇప్పటికీ పదవిలోనే ఉన్న మనిషి ఒక్కరైనా ఉన్నారా? ఉంటే అది చాలా మంచి గుర్తు.

1861లో అబ్రహాం లింకన్ మంత్రివర్గం కూర్చినప్పుడు, అంతకుముందు ఏడాది పార్టీ టికెట్ కోసం తనతో పోటీపడిన సీవార్డ్, చేజ్, బేట్స్ ముగ్గురినీ తీసుకున్నారు. ఆ ముగ్గురూ తమను తాము లింకన్ కంటే గొప్పవాళ్లమనే అనుకునేవారు. చేజ్ అయితే ఖజానా మంత్రిగా ఉంటూనే 1864 ఎన్నికల్లో లింకన్ కుర్చీకే ఎసరు పెట్టాలని చూశారు. ఆ వేసవిలో ఆయన రాజీనామాను లింకన్ ఆమోదించారు. మళ్లీ అదే ఏడాది చివర్లో ఆయన్నే సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిని చేశారు. మనలో ఎంతమందిమి ఆ పని చేయగలం?

పోటీదారులనే తీసుకోవాలని రూలేం లేదు. తనకు తెలియనిది తెలిసినవాళ్లను తెచ్చుకోవడం కూడా ఇదే గుణం. 1991లో భారత్ దగ్గర విదేశీ మారక నిల్వలు కొన్ని వారాల దిగుమతులకు సరిపడా మాత్రమే మిగిలినప్పుడు పీవీ నరసింహారావు ఆర్థిక శాఖను పార్టీ నాయకుడికి ఇవ్వకుండా ఆర్థికవేత్త మన్మోహన్ సింగ్‌కు అప్పగించారు.

ఇంకో చోట కూడా ఈ గుణం బయటపడుతుంది. ముందుగా రాసివ్వని ప్రశ్నలకు ఆయన జవాబు చెబుతారా? చెప్పినా మొదటి జవాబును పట్టించుకోకండి, అది ఎవరైనా బట్టీపట్టి చెప్పగలరు. అదే విషయం మీద విలేకరి రెండోసారి, మూడోసారి గుచ్చి అడిగినప్పుడు ముఖం ఎలా మారుతుందో చూడండి. కోపమొస్తే రావచ్చు. ప్రశ్న అడిగిన మనిషినే తప్పుపట్టడం మొదలుపెడితే మాత్రం, ఆయన ఆఫీసులో రిపోర్టులు ఎలా తయారవుతాయో ఊహించుకోవచ్చు.

మేనిఫెస్టో చదివితే సరిపోదా?

చదవండి. చాలామంది అదీ చేయరు. ప్రతి హామీ పక్కన డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఎవరు చేస్తారు, ఎప్పటికి చేస్తారు అని మూడు ప్రశ్నలు రాసుకోండి. మూడిటికీ జవాబున్న హామీలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉంటాయి.

కానీ అసలు పరీక్ష మేనిఫెస్టోలో లేని చోటే ఎదురవుతుంది. 2019లో ఎన్నికలు జరిగిన ఏ దేశంలోనూ మహమ్మారి గురించి రాసిన పేజీ చూసి జనం ఓటేయలేదు. మర్నాటి ఏడాది ప్రతి ప్రభుత్వాన్నీ కొలిచింది మాత్రం ఆ ఒక్క విషయంతోనే. మనం ఓటేసేది ఒక ప్రణాళికకే కాదు, ప్రణాళిక చెడిపోయినప్పుడు కూర్చుని ఆలోచించే మనిషికి కూడా.

మాట తప్పడం గురించి ఒక మాట. 1988లో జార్జ్ బుష్, అంటే పెద్ద బుష్, కొత్త పన్నులు వేయనంటే వేయనని అందరి ముందు గట్టిగా చెప్పి అమెరికా అధ్యక్షుడయ్యారు. 1990లో బడ్జెట్ లోటు ముంచుకొస్తుంటే ప్రతిపక్షంతో ఒప్పందం చేసుకుని పన్నులు పెంచారు. 1992లో ఓడిపోయారు. మాట తప్పాడు కాబట్టి శిక్ష పడిందని కొందరంటారు, దేశానికి అవసరమైన పని చేసి బలైపోయాడని కొందరంటారు. నన్నడిగితే తప్పు 1990లో జరగలేదు, 1988లోనే జరిగిపోయింది. పరిస్థితి మారితే మనసు మార్చుకునేవాడిని నేను ఒప్పుకుంటాను. పరిస్థితి ఎన్నటికీ మారదన్నట్టు మాటిచ్చేవాడిని చూస్తేనే భయం.

తప్పు ఒప్పుకునే నాయకుడు బలహీనుడిగా కనిపించడా?

రాజకీయ సలహాదారులు అలాగే అనుకుంటారు. అందుకే తప్పు దొరికిపోయిన రోజున వచ్చే ప్రకటనల భాష అంతా ఒక్కలాగే ఉంటుంది. "కొన్ని పొరపాట్లు జరిగాయి." "నిర్ణయం తీసుకోవడం జరిగింది." ఎవరు చేశారు, ఎవరు తీసుకున్నారు అని అడిగితే జవాబుండదు. వాక్యంలో కర్తే మాయం. తెలుగులో ఈ "జరిగింది" అనే మాట ఎంతమంది తలలు కాపాడిందో లెక్కలేదు.

దీనికి పూర్తి విరుద్ధమైన కాగితం ఒకటుంది. 1944 జూన్ 5. రెండో ప్రపంచ యుద్ధం సాగుతోంది, మర్నాడు తెల్లవారుజామున ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో మిత్రరాజ్యాల సేనలు దిగాలి. దాడి విఫలమైతే చదవాల్సిన ప్రకటనను ప్రధాన సేనాధిపతి ఐసెన్‌హోవర్ ముందే పెన్సిల్‌తో ఒక చిన్న కాగితం మీద రాసుకున్నారు. ఆ టెన్షన్‌లో తేదీ కూడా తప్పు పడింది, జూన్ బదులు జులై అని వేశారు. మొదట "దళాలను వెనక్కి రప్పించడం జరిగింది" అన్న పద్ధతిలో రాసి, దాన్ని కొట్టేసి "దళాలను నేను వెనక్కి రప్పించాను" అని మార్చారు. చివర్లో, సైనికులంతా చేయగలిగిందంతా చేశారు, తప్పేమైనా ఉంటే అది నా ఒక్కడిదే అని ముగించారు. దాడి గెలిచింది కాబట్టి ఆ ప్రకటన చదివే అవసరం రాలేదు. ఎవరికీ చూపించాలని రాసింది కాదు అది. ఒక మనిషి తనకు తానుగా కర్తను వెనక్కి తెచ్చిపెట్టుకున్న వాక్యం. ఎనిమిదేళ్ల తర్వాత, 1952లో, అమెరికన్లు ఆయన్ని అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు.

ఒప్పుకుంటే జనం తిరగబడతారా అంటే, 1961 చూడండి. ఏప్రిల్‌లో అమెరికా క్యూబా మీదికి పంపిన సుమారు 1,400 మంది క్యూబా ప్రవాసుల దాడి బే ఆఫ్ పిగ్స్ దగ్గర మూడు రోజుల్లో కుప్పకూలింది. పథకం ముందటి ప్రభుత్వం కాలం నాటిది, నడిపింది గూఢచారి సంస్థ. నెపం వేయడానికి మనుషులకు కరువులేదు. అధ్యక్షుడు కెనెడీ మాత్రం ప్రభుత్వంలో బాధ్యుడిని నేనే అన్నారు. ఆ తర్వాత గాలప్ సర్వేలో ఆయనకు 83 శాతం మంది మద్దతు పలికారు. ఇంత ఘోరంగా ఓడినా పేరు పెరగడం ఆయనకే వింతగా అనిపించిందట.

నాకు దీనికంటే ముఖ్యంగా కనిపించేది మర్నాటి ఏడాది జరిగింది. 1962 అక్టోబర్‌లో క్యూబాలో సోవియట్ క్షిపణులు బయటపడ్డప్పుడు, సలహాదారుల చర్చలు కొన్నిటికి కెనెడీ కావాలనే దూరంగా ఉన్నారు. తను గదిలో ఉంటే అందరూ తన ముఖం చూసి మాట్లాడతారని ఆయనకు ముందటి ఏడాదే అర్థమైంది. వెంటనే బాంబులు వేద్దామన్నవాళ్లతో మిగతావాళ్లు గట్టిగా వాదించారు. చివరికి నౌకా దిగ్బంధం, లోపాయికారీ సంప్రదింపులతో అణుయుద్ధం తప్పింది. తప్పు ఒప్పుకోవడం మర్యాద కోసం అనుకుంటాం. ఒప్పుకున్నవాడే అందులోంచి నేర్చుకోగలడు, అసలు లాభం అది.

తప్పు తనది కాకపోయినా బాధ్యత తీసుకున్నవాళ్లు కూడా ఉన్నారు. 1956 నవంబర్‌లో అరియలూర్ దగ్గర రైలు ప్రమాదం జరిగితే రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా చేశారు. 1964లో దేశానికి ప్రధాని అయ్యారు.

బాగా మాట్లాడేవాడే మంచి నాయకుడు కదా?

మాట పనికొచ్చే సాధనం. కాదనను. 1933 మార్చిలో అమెరికాలో బ్యాంకులన్నీ మూసేసి ఉన్నప్పుడు, 12వ తేదీ ఆదివారం రాత్రి ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ రేడియోలో మాట్లాడారు. ఆవేశం లేదు, పిడికిలి బిగించడం లేదు. మీరు దాచుకున్న డబ్బును బ్యాంకు ఇనప్పెట్టెలో పెట్టి ఉంచదు, అప్పులుగా తిప్పుతుంది, అందుకే అందరూ ఒకేరోజు వచ్చి అడిగితే ఇవ్వలేదు అని, చదువురానివాళ్లకు కూడా తెలిసేటట్టు విడమరిచి చెప్పారు. మర్నాటి నుంచి బ్యాంకులు తెరుచుకుంటే జనం డబ్బు తీసుకోవడానికి కాదు, తిరిగి వేయడానికి వరస కట్టారు.

అదే కాలంలో బ్రిటన్‌లో క్లెమెంట్ అట్లీ ఉన్నారు. ఇంటర్వ్యూ చేసేవాళ్లకు ఆయనతో నరకం, ఎంత పెద్ద ప్రశ్నకైనా ఒక ముక్కలో జవాబు. 1945లో ఆయన ఓడించింది ఇంగ్లిషు భాషనే ఆయుధంగా చేసుకున్న చర్చిల్‌ను. మూడేళ్లకు, 1948 జులై 5న, దేశంలో ప్రతి ఒక్కరికీ ఉచితంగా వైద్యం అందించే జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది.

కాబట్టి మాటలు ఎంత తియ్యగా ఉన్నాయో కొలవకండి. ప్రసంగం విన్నాక మీకు ఇంతకుముందు తెలియనిది ఏదైనా అర్థమైందా? లేక మీకు ఇంతకుముందే ఉన్న కోపం ఇంకాస్త పెరిగిందా? నేను ఒకప్పుడు గొంతు చూసి ఓటేసినవాడినే. రెండేళ్లు తిరిగాక ఆ ప్రసంగాల్లో ఒక్క వాక్యమైనా గుర్తుందా అని వెతుక్కుంటే చప్పట్లు తప్ప ఏమీ గుర్తులేవు.

నిజాయితీపరుడైతే చాలదా?

డబ్బు తినకపోవడం మొదటి మెట్టు. తను తినడు, కానీ తినేవాళ్లను ఆపడు అనే రకం నాయకులు ఎంతమందో. చేయి శుభ్రంగా ఉంటే చాలదు, పక్కవాళ్ల చేతులు తనిఖీ చేసే సంస్థలను స్వేచ్ఛగా పనిచేయనిస్తున్నాడా అన్నది చూడాలి.

డబ్బుతో సంబంధం లేని అవినీతి కూడా ఉంటుంది. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ మనుషులు వాటర్‌గేట్ భవనంలోని ప్రతిపక్ష పార్టీ ఆఫీసులో చొరబడింది డబ్బు కోసం కాదు. ఆ ఏడాది నవంబర్‌లో నిక్సన్ 50 రాష్ట్రాల్లో 49 గెలిచారు, అంటే ఆ దొంగపని అవసరం కూడా లేదు. ఆయన్ని ముంచింది దాన్ని కప్పిపుచ్చాలని చూడటం. 1974 ఆగస్టులో రాజీనామా చేసి వెళ్లిపోయారు. ఆయనకు తెలివి, విదేశాంగ అనుభవం పుష్కలంగా ఉన్నాయి, చుట్టూ "ఇది వద్దు సార్" అని గట్టిగా చెప్పగలిగేవాళ్లే కరువయ్యారు.

ఎంతవరకు చదువుకున్నాడో చూడాలా?

లింకన్ బడికి వెళ్లిన రోజులన్నీ కలిపితే ఏడాది కూడా కాదు. అమెరికా అధ్యక్షుల్లో డాక్టరేట్ ఉన్న ఒకే ఒక్కడు వుడ్రో విల్సన్. ఆయన హయాంలోనే కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లో నల్లజాతి ఉద్యోగులను విడిగా కూర్చోబెట్టే పద్ధతి పాకింది.

దక్షిణాఫ్రికాలో మండేలా తర్వాత వచ్చిన థాబో ఎంబెకీ బ్రిటన్‌లో ఆర్థికశాస్త్రం చదివారు, పుస్తకాల పురుగు. ఎయిడ్స్‌కు హెచ్‌ఐవీ కారణం అన్న విషయాన్నే ఆయన శంకించారు. ఉన్న మందులను ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇవ్వడం ఏళ్ల తరబడి ఆలస్యమైంది. ఆ ఆలస్యం వల్ల 3 లక్షల మందికి పైగా చనిపోయారని తర్వాత హార్వర్డ్ పరిశోధకులు లెక్కగట్టారు. చదువు లేక వచ్చిన తప్పు కాదిది. తనకంటే ఆ విషయం బాగా తెలిసినవాళ్లు చెబుతుంటే వినకపోవడం వల్ల వచ్చింది. డిగ్రీ కాగితం చూడటం తేలిక, ఈ గుణం చూడటమే కష్టం.

మరి వయసు?

కొన్రాడ్ అడెనౌవర్ 1949లో పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ అయ్యేనాటికి 73 ఏళ్లు, దిగిపోయేనాటికి 87. కెనెడీ 43 ఏళ్లకే గెలిచారు. అంకె చూసి తేల్చలేం. ఆరోగ్యం దాచిపెట్టడం మాత్రం వేరే సంగతి. 1919 అక్టోబర్‌లో విల్సన్‌కు పక్షవాతం వస్తే ఆ సంగతి జనానికి చెప్పలేదు. నెలల తరబడి ఏ ఫైలు ఆయన దగ్గరికి వెళ్లాలో భార్యే నిర్ణయించారు.

దేశానికి బలమైన నాయకుడు కావాలి కదా?

బలం అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి. జర్మనీలో 1933 జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్ అయ్యారు. మార్చి 23న, పార్లమెంటుతో పనిలేకుండా చట్టాలు చేసుకునే అధికారాన్ని పార్లమెంటు చేతే ఇప్పించుకున్నారు. రెండు నెలలు కూడా పట్టలేదు. "ఈ గందరగోళాన్ని చక్కదిద్దే గట్టి మనిషి కావాలి" అనుకున్నవాళ్లకు ఆ మనిషిని దించే దారి ఆ రోజుతో మూసుకుపోయింది.

నేను బలం కొలిచే చోటు వేరు. కుర్చీ దిగేటప్పుడు కొలుస్తాను. జార్జ్ వాషింగ్టన్‌ను మూడోసారి ఉండొద్దని ఏ చట్టమూ చెప్పలేదు, 1797లో ఆయనే వెళ్లిపోయారు. ఫ్రాన్స్‌లో డిగాల్ 1969 ఏప్రిల్ 27న ఒక ప్రజాభిప్రాయ సేకరణలో ఓడి మర్నాడే పదవి వదిలేశారు, నిజానికి చట్టప్రకారం వదలాల్సిన పనిలేదు. నెల్సన్ మండేలా 27 ఏళ్లు జైల్లో ఉండి 1994లో అధ్యక్షుడయ్యారు. తనను జైల్లో ఉంచిన వ్యవస్థకు ఆఖరి అధ్యక్షుడైన డిక్లర్క్‌నే ఉపాధ్యక్షుల్లో ఒకరిగా పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఇంకోసారి నిలబడితే గెలుపు ఖాయమని తెలిసీ 1999లో దిగిపోయారు.

అభ్యర్థి ఇంకా ఎక్కనే లేదు, దిగడం ఎలా తెలుస్తుంది అంటారా? చిన్న పదవుల్లో చూడండి. పార్టీ అధ్యక్ష పదవి ఎప్పుడైనా ఇంకొకరికి ఇచ్చారా? ఓడిన ఎన్నికలో ఓటమిని ఒప్పుకున్నారా, లేక లెక్కింపే తప్పన్నారా? కోర్టు తనకు వ్యతిరేకంగా తీర్పిచ్చిన రోజు ఏమన్నారు? తనకు అనుకూలంగా వచ్చిన తీర్పును పొగడటం ఎవరైనా చేస్తారు.

దూరదృష్టి ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

రిబ్బన్ కత్తిరించే భాగ్యం తనకు దక్కదని తెలిసీ మొదలుపెట్టిన పని ఏదైనా ఉందా అని వెతకండి. నార్వేలో 1969 చివర్లో సముద్రంలో చమురు భారీగా బయటపడింది. ఆ డబ్బును అప్పటికప్పుడు పంచి ఓట్లు దండుకోవచ్చు. వాళ్లు 1990లో నిధి పెట్టడానికి చట్టం చేశారు, 1996లో మొదటి సొమ్ము వేశారు. అసలు ముట్టకుండా, దాని మీద వచ్చే రాబడి మేరకే ఖర్చుపెట్టాలన్న నియమం తర్వాత వచ్చింది. ఈ మధ్యలో ప్రభుత్వాలు ఎన్నోసార్లు మారాయి, పార్టీలు మారాయి. ముందటివాళ్లు పెట్టిందని ఎవరూ పీకేయలేదు. ఎదుటి పార్టీ మొదలుపెట్టిన మంచి పనిని కొనసాగించడం కూడా దూరదృష్టే. దానికి మనం మార్కులు వేయడం చాలా అరుదు.

మనవాడైతే మనకు మేలు చేస్తాడు కదా?

మన భాష, మన మతం, మన వర్గం అని చూసుకోవడం మనుషులకు సహజం. నమ్మకం దగ్గరివాళ్ల మీదే తేలిగ్గా కుదురుతుంది. కానీ మనవాడిని ప్రశ్నలడగడానికి మనకే మొహమాటం. ఆ మొహమాటం ఆయనకూ తెలుసు. మన ఓట్లు ఎటూ తనకే పడతాయని రూఢి అయిన రోజున మన వీధి కంటే ఎటు పడతాయో తెలియని వీధికే ముందు రోడ్డు వేస్తాడు, లెక్క ప్రకారం అదే సబబు కూడా.

పార్లమెంటరీ పద్ధతిలో మనం నేరుగా ప్రధానికి ఓటేయం కదా, ఇదంతా ఎందుకు?

మీరు గెలిపించే సభ్యుడే ఆ నాయకుడిని నిలబెట్టేది, అవసరమైతే దించేది. కాబట్టి స్థానిక అభ్యర్థిని కూడా ఒక ప్రశ్న అడగాలి: సొంత నాయకుడు తప్పు చేస్తే మీరు నోరు తెరుస్తారా? అధ్యక్ష పద్ధతిలో నాయకుడికి నేరుగానే ఓటేస్తాం, కానీ గడువు తీరేదాకా దించడం చాలా కష్టం. అక్కడ ముందు జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి.

అన్నీ ఫోన్‌లో వచ్చే క్లిప్‌లే చూస్తున్నాను. ఏది నమ్మాలి?

ముప్పై సెకన్ల క్లిప్ మీ కోసం ఎవరో కత్తిరించినది. పొగిడేదైనా, తిట్టేదైనా. ఒకసారి ఒక నాయకుడు సభలో నోరు జారిన క్లిప్ మా బంధువుల గ్రూపులో వస్తే నేనూ నవ్వి నలుగురికి పంపాను. ఆ రాత్రి నిద్రపట్టక పూర్తి వీడియో పెట్టాను. ఆయన ఎదుటివాళ్ల వాదనను ముందు వాళ్ల మాటల్లోనే చెప్పి, తర్వాత ఖండించారు. క్లిప్‌లో ఉన్నది ఆ మొదటి సగం మాత్రమే. మర్నాడు గ్రూపులో సంగతి రాస్తే ఒక్కరూ పలకలేదు, అది వేరే కథ.

ఎవరూ నచ్చలేదు. అందరూ అందరే.

నిజంగా ఒక్కలాగే ఉండరు, కాస్త దగ్గరగా చూస్తే తేడాలుంటాయి. అయినా చూసి చూసి విసిగిపోయారనుకోండి, అప్పుడు ప్రశ్న తిప్పి వేసుకోవాలి. వీళ్లలో ఎవరు చెడ్డగా పాలిస్తే వచ్చే ఎన్నికల్లో దించడం తేలిక? పత్రికలను, కోర్టులను, ఎన్నికల వ్యవస్థను ముట్టుకోకుండా వదిలేసేవాడు ఎవరు? మంచి పాలన దొరకనప్పుడు, కనీసం ఇంకో అవకాశమైనా చేతిలో ఉంటుంది.

పోలింగ్‌కు ముందు ఒక్క సాయంత్రమే టైం ఉంది. ఏం చేయాలి?

ఒక్కో అభ్యర్థిదీ ఒక పొడవైన ఇంటర్వ్యూ, అదీ ఆయనంటే పడని విలేకరి చేసినది, వెతికి పెట్టండి. పెన్ను పక్కన పెట్టుకోండి. "నేను తప్పు చేశాను", "నాకు తెలియదు", "ఆ విషయం నాకు ఫలానావాళ్లు చెబితే తెలిసింది" అన్న మాటల్లో ఏది వినపడినా ఒక గీత గీయండి. "జరిగింది" అని తప్పించుకున్న ప్రతిసారీ ఒక సున్నా చుట్టండి. పోయిన ఎన్నికలకు నేను మా ఇంట్లో ఇదే చేశాను. ఒకాయన కాగితం మీద పదకొండు సున్నాలు వచ్చాయి. మా ఆవిడ చూసి, "మీరు మొన్న గ్యాస్ బుక్ చేయడం మర్చిపోయి ఏమన్నారో గుర్తుందా? మర్చిపోవడం జరిగింది అన్నారు" అంది. పన్నెండో సున్నా నాకే పడింది.